ఏ1 పాలు, ఏ2 పాలు: ఎవరి మాట ఎంతవరకు నమ్మాలి?

సంకరజాతి ఆవు పాలు త్రాగితే చక్కెర వ్యాధి, గుండె జబ్బు వస్తాయట, నిజమేనా అని ఒక సంఘం కార్యదర్శి మాకు వ్రాశారు. ఆ ఊరికి వచ్చిన పశువుల వర్తకుడొకడు ఈ మాట చెప్పి, ఒక సభ్యుని జెర్సీ సంకర ఆవును సగం ధరకు అడిగాడట. సభ్యుడు అమ్మటానికి సిద్ధపడ్డాడు కూడా. కనుక ఈ విషయం కొంచెం వివరంగా చూడవలసి ఉన్నది.

ముందుగా తగాదా లేని భాగం. పాలలోని మాంసకృత్తులలో బీటా కేసిన్ ఒకటి. ఇది 209 అమైనో ఆమ్లాల గొలుసు. అందులో 67వ స్థానంలో ప్రోలిన్ ఉంటే ఏ2, హిస్టిడిన్ ఉంటే ఏ1. ఏ1 రకం అరిగేటప్పుడు బి.సి.యం.-7 అనే చిన్న ముక్క ఎక్కువగా విడివడుతుంది. ఒంగోలు వంటి దేశవాళీ ఆవులలోను, గేదెలలోను ఉండేది దాదాపు అంతా ఏ2యే. జెర్సీ, హోల్‌స్టీన్ జాతులలో రెండూ ఉంటాయి. జెర్సీ అనగానే ఏ1 అనుకోవటమూ పొరపాటే. సంఘంలో వెన్న శాతం చూచే పరీక్షకు ఈ తేడా అందదు. జన్యు పరీక్ష కావాలి.

ఆ ముక్క మనిషికి జబ్బు తెస్తుందా అన్నదే అసలు తగాదా. తెస్తుందనేవారు 2003లో న్యూజీలాండ్ వైద్య పత్రికలో వచ్చిన వ్యాసాన్ని చూపుతారు. ఏ1 వాడకం ఎక్కువగా ఉన్న దేశాలలో ఈ జబ్బులూ ఎక్కువని అందులో ఉన్నది. కాని దేశానికీ దేశానికీ తిండి, ఎండ, పొగత్రాగుడు, వైద్యం అన్నీ వేరు. తారురోడ్డు పడిన ఊళ్ళలో చక్కెర వ్యాధి ఎక్కువగా కనబడితే తప్పు తారుదంటామా? 2007లో కీత్ వుడ్‌ఫోర్డ్ వ్రాసిన పుస్తకంతో ప్రచారం బాగా పెరిగింది. ఆయన వ్యవసాయ వాణిజ్య ఆచార్యుడు, వైద్యుడు కాడు.

2016లో చైనాలో 45 మందిపై జరిగిన పరీక్ష ఇంతకంటె గట్టిది. అదే మనిషికి రెండు రకాల పాలూ వేర్వేరుగా ఇచ్చి చూశారు. ఏ2తో కడుపు బాధ తక్కువగా కనబడింది. అయితే ఖర్చు పెట్టినది ఏ2 పాలు అమ్మే కంపెనీ. డబ్బిచ్చినంత మాత్రాన ఫలితం అబద్ధం కాదు గాని, సంబంధం లేనివారి చేతిలోనూ అదే రావాలి. పైగా అది కడుపు ఉబ్బరం సంగతి, గుండె జబ్బు సంగతి కాదు.

ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2009లో అప్పటి పరిశోధనలన్నీ తిరగవేసి, జబ్బుకు, ఆ ముక్కకు కార్యకారణ సంబంధం రుజువు కాలేదన్నది. రుజువు కాలేదనటం వేరు, సంబంధమే లేదని తేల్చటం వేరు. ఇక మేమూ పాలు అమ్మేవారమే. మా మాటనూ ఇదే తక్కెడలో తూచుకోండి.

మన దేశంలో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2024 ఆగస్టు 21న ఏ1, ఏ2 ముద్రలు తీసివేయమన్నది. 26న ఆ ఉత్తర్వును, ఇంకా సంప్రదించాలంటూ, వెనక్కు తీసుకున్నది. దాన్ని ఏ2 గొప్పదనానికి సర్కారు ముద్రగా చూపేవారున్నారు. ఉత్తర్వు రద్దయితే గుణం రుజువైనట్లు కాదు. ఏ2 నెయ్యి మాట మరీ విచిత్రం. నేతిలో మాంసకృత్తులు దాదాపు ఉండనే ఉండవు!

కార్యదర్శిగారికి మేము వ్రాసిన జవాబు ఇది: ఆవు చూలు, ఈతలు, పాల దిగుబడి చూచి ధర కట్టండి. ఏ1 అన్న కారణంతో మాత్రం ఒక్క రూపాయి కూడా తగ్గించవద్దని సభ్యునికి చెప్పండి.