సెకనుకో నేలమాళిగ

నారాయణగూడ వైఎంసీఏ దాటి చిక్కడపల్లి వైపు వచ్చే దారిలో, మేడ మీద ఒక నెట్ సెంటర్ ఉండేది. 2001 నాటి మాట. మెయిల్ చూసుకుందామని వెళ్లి, పక్క క్యాబిన్‌లో ఒక కుర్రాడు ఆడుతున్న ‘డయాబ్లో’ దగ్గర ఆగిపోయాను. చీకట్లో మెట్లు దిగుతున్న యోధుడు. మౌస్ నొక్కగానే అస్థిపంజరం పెళపెళ విరిగి కూలింది. ఎముకల పక్కన ఒక ఉంగరం టింగుమని పడింది. “అన్నా, ఇంకో అర్ధగంట రాసుకో” అని కేకేశాడు కుర్రాడు.

ఆ సెంటర్ ఇప్పుడు లేదు. మొన్న అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కి చదువుతున్న మా మేనల్లుడి రూమ్‌కి వెళ్లాను. సిటీ సెంట్రల్ లైబ్రరీలో పొద్దంతా కూర్చుని వచ్చి, అన్నం తిన్నాక వాడు పాత లాప్‌టాప్‌లో తెరిచింది ఆ ఆటనే. 60 మెగాహెర్ట్జ్ పెంటియం, 8 ఎంబీ మెమరీ ఉంటే చాలన్న కాలం నాటిది కాబట్టి ఆ పాత లాప్‌టాప్ మీదా నడుస్తుంది. 1996 వెళ్లి 1997 వస్తున్న రోజుల్లో అది వచ్చేనాటికి వీడు పుట్టనేలేదు. నాకైతే పాత రోజుల మీద మమకారం అనుకోవచ్చు, మరి వీడికి?

ఈ ఆకర్షణకి మూలం 1980లో ఉంది. మైకేల్ టాయ్, గ్లెన్ విచ్‌మన్ అనే కాలిఫోర్నియా విద్యార్థులు ‘రోగ్’ అనే ఆట రాశారు. అందులో బొమ్మల్లేవు. గోడలైనా రాక్షసులైనా కీబోర్డు మీది గుర్తులే. కానీ గదుల్ని ముందే గీసిపెట్టకుండా, ఆడిన ప్రతిసారీ కంప్యూటరే కొత్తగా కట్టేలా చేశారు. మన వైకుంఠపాళిలో పందెం మారుతుంది కానీ పాములు ఉన్నచోటే ఉంటాయి. ఇక్కడ పటమే మారిపోతుంది.

డయాబ్లోది ఆ వంశమే. కంప్యూటర్ దగ్గర పాచికలుండవు. ఒక సంఖ్యను విత్తనంగా ఇస్తే దాన్ని హెచ్చవేసి, ఒకటి కలిపి, ఇంకో సంఖ్య పుట్టిస్తుంది. దాన్నుంచి మరొకటి. ఆ వరుసే తలుపు ఎక్కడ, గోడ ఎక్కడ అన్నది తేలుస్తుంది. డయాబ్లోలో ఆ విత్తనం, కొత్త ఆట మొదలుపెట్టినప్పుడు కంప్యూటర్ గడియారంలో ఉన్న సెకను. ఒక్క సెకను ఆగి నొక్కితే 16 అంతస్తుల నేలమాళిగ ఇంకోలా ఉంటుంది. ఆ గడియారం లెక్కకి అందే 1970 నుంచి 2038 దాకా సెకనుకొకటి చొప్పున లెక్కేస్తే దాదాపు 220 కోట్ల నేలమాళిగలు! అతి వేగంగా ముగించిన 2009 నాటి ఒక రికార్డు ఆట మీద అనుమానం వచ్చి, ఔత్సాహికులు ఆ మధ్య వాటన్నిటినీ పుట్టించి మరీ వెతికారు. వీడియోలో కనిపించిన అంతస్తులన్నీ కలిసి ఏ ఒక్కదాంట్లోనూ రాలేదు.

ఇక ఆ ఉంగరం సంగతి. 1997లోనే శాస్త్రవేత్త వుల్‌ఫ్రామ్ షుల్ట్జ్ బృందం కోతుల మెదడులోని డోపమిన్ కణాల గురించి ఒక పత్రం ప్రచురించింది. అనుకోకుండా పండ్లరసం చుక్క దొరికితే ఆ కణాలు చురుగ్గా స్పందిస్తాయి. ముందే తెలిసి దొరికితే ఉలకవు, పలకవు. వస్తుందో రాదో సగం సగం అన్నప్పుడు ఎదురుచూపులోనే వాటి చురుకు పెరుగుతూ పోతుందని 2003లో చూపించారు. డయాబ్లోలో మాయ ఉంగరం దొరికినా అదేమిటో తెలియదు. ఊళ్లో ఉన్న ముసలి కెయిన్‌కి 100 బంగారు నాణేలిస్తే చెబుతాడు. పైకెక్కి ఆయన దగ్గరికి నడిచే ఆ కాస్త దూరంలోనే ఆట ప్రాణమంతా ఉందని నా నమ్మకం.

ఈ ఆట మొదట చదరంగంలా వంతులవారీగా సాగేది. రూపకర్త డేవిడ్ బ్రెవిక్‌కి దాన్ని మార్చడం అసలు ఇష్టం లేదు. అందరూ పట్టుబడితే ఒక్క మధ్యాహ్నంలో వంతుల్లేకుండా మార్చి, మౌస్ నొక్కి చూశాడు. యోధుడు నడిచివెళ్లి అస్థిపంజరాన్ని పగలగొట్టాడు. దాంతో ఆయన మనసు మారిపోయింది.

2012లో వచ్చిన ‘డయాబ్లో 3’లో అసలు డబ్బుతో ఆయుధాలు కొనుక్కునే వేలం పెట్టారు. కావలసింది కొట్లో దొరుకుతుంటే నేలమాళిగలోకి దిగడం దేనికి? ఆటకి మూలమైనదాన్నే అది దెబ్బతీస్తోందని తయారీదారులే ఒప్పుకొని, 2014 మార్చి 18న మూసేశారు. పాత ఆటలో ఆ బేరం లేదు. ఉంగరం దొరకాలంటే దిగాల్సిందే.

మేనల్లుడికి ఆ రాత్రి రెండో అంతస్తులో ఒకటి దొరికింది. నీలం అక్షరాలు. “ఏమై ఉంటుందంటావ్ మామయ్యా?” అన్నాడు, మెట్ల వైపు తిరుగుతూ. నేను కుర్చీ దగ్గరికి లాక్కున్నాను.