ఒకే ఆట, రెండు కన్సోళ్లు: మళ్లీ కొనాలా?



పెద్దబ్బాయి టీవీకి తగిలించిన కన్సోల్‌లో ఆడుకుంటాడు. పాపకు పుట్టినరోజుకి చేత్తో పట్టుకుని ఆడేది కొన్నారు. మర్నాడే పేచీ మొదలు: "అన్నయ్య ఆడే ఆటే నాకూ కావాలి!" కొత్త ఆట ఒక్కోటి ₹5,000 దాకా ఉంటోంది. అదే ఆటకు రెండోసారి డబ్బు కట్టాలా? చాలాసార్లు అక్కర్లేదు. అయితే ఒక్క విషయం గుర్తుంచుకోండి: డౌన్‌లోడ్ చేసిన ఆట కన్సోల్‌ది కాదు, దాన్ని కొన్న అకౌంట్‌ది.

ఒకప్పుడు చేతిలో ఆడే యంత్రానికీ, టీవీ యంత్రానికీ ఆటలు విడివిడిగా కొనాల్సి వచ్చేది. 2012లో సోనీ కొన్ని ఆటలకు 'క్రాస్ బై' తెచ్చింది. ఒకసారి కొంటే పీఎస్3లోనూ, చేతిలో ఆడే వీటాలోనూ ఆడుకోవచ్చు. 2017లో వచ్చిన నింటెండో స్విచ్ ఆ రెండు యంత్రాలనూ ఒకటిగా కలిపేసింది. 2025లో స్విచ్ 2 వచ్చాక చాలా ఇళ్లలో పాతదీ కొత్తదీ రెండూ ఉంటున్నాయి.

పంచుకోవడం ఎలా?

2025 ఏప్రిల్ నుంచి స్విచ్‌లో డౌన్‌లోడ్ చేసిన ఆటలకు 'వర్చువల్ గేమ్ కార్డు' పద్ధతి ఉంది. స్కూల్ లైబ్రరీ పుస్తకంలాగే ఒక కార్డు ఒకసారి ఒకచోటే ఉంటుంది. ఒక కన్సోల్ నుంచి తీసి రెండోదానిలో పెట్టుకోవచ్చు. ఇలా ఒక అకౌంట్‌కు రెండు కన్సోళ్ల వరకు వీలుంది. మొదటిసారి కలిపేటప్పుడు రెండూ దగ్గర దగ్గరగా ఉండాలి.

ఫ్యామిలీ గ్రూప్‌లో 8 అకౌంట్ల వరకు చేర్చవచ్చు. అందులో ఒకరికి ఒకసారి ఒక ఆటను 14 రోజులకు అరువివ్వవచ్చు. గడువు తీరగానే అదే వెనక్కి వచ్చేస్తుంది. ఆ 14 రోజులూ ఇచ్చినవారు ఆ ఆట ఆడలేరు. పాప ఎంతవరకు ఆడిందో ఆ వివరం మాత్రం తన కన్సోల్‌లోనే భద్రంగా ఉంటుంది.

పీఎస్5 పద్ధతి వేరు. అందులో 'కన్సోల్ షేరింగ్' ఆన్ చేస్తే, మీ అకౌంట్‌లోని ఆటలను ఆ కన్సోల్ వాడే ఇంట్లోవాళ్లందరూ ఆడవచ్చు. ఒక అకౌంట్‌కు ఒక్క పీఎస్5లోనే ఈ సౌకర్యం.

మన ఇళ్లలో జరిగే పొరపాటు

దువ్వాడ, కూర్మన్నపాలెం, ఉక్కునగరం వైపు చాలా ఇళ్లకు కన్సోల్ అమెరికా నుంచి వచ్చిన బాబాయి సూట్‌కేసులోనే వస్తుంది. సాయం చేద్దామని ఆయనే తన ఈమెయిల్‌తో అకౌంట్ తెరిచి ఆటలు కొనిస్తారు. ఆయన తిరిగి వెళ్లాక పాస్‌వర్డ్ మరిచిపోతే ఆ ఆటలన్నీ చిక్కులో పడతాయి. యంత్రం మన హాల్లోనే ఉన్నా, ఆటలు మాత్రం ఆయనవే. 'ఆటలు నింపి ఇస్తాం' అంటూ అమ్మే సెకండ్‌హ్యాండ్ కన్సోళ్లతోనూ ఇదే ప్రమాదం.

మీరు చేయాల్సినవి

1. మొదటి అకౌంట్ అమ్మ లేదా నాన్న పేరున, మీ ఈమెయిల్‌తో తెరవండి. ఆటలు ఆ అకౌంట్‌తోనే కొనండి.

2. పిల్లలకు వాళ్ల అసలు వయసుతో వేర్వేరు చైల్డ్ అకౌంట్లు తెరిచి గ్రూప్‌లో చేర్చండి. మీ పాస్‌వర్డ్ వాళ్లకు ఇవ్వకండి. కొనుగోళ్లు మీ అనుమతితోనే జరిగేలా సెట్టింగ్ పెట్టండి.

3. కొనేముందు ఆట ఏ యంత్రానిదో చూడండి. స్విచ్ 2 కోసమే చేసిన ఆట పాత స్విచ్‌లో ఆడదు.

4. కార్ట్‌రిడ్జ్ రూపంలో కొంటే అరువు నిబంధనల గొడవే లేదు. చేతులు మార్చుకుంటే సరి.

ఇక ఎవరి వంతు ఎప్పుడన్నది కన్సోల్ చెప్పదు. గోడ మీది క్యాలెండర్‌లో ఆ 14 రోజులూ పిల్లల చేతే రాయించండి, పరీక్షల వారాలు వదిలేసి. నాన్న సి షిఫ్ట్ చేసి పగలు నిద్రపోతున్నప్పుడు, తీర్పు చెప్పమని ఎవరూ ఆయన్ని లేపనక్కర్లేదు!