అన్నకు డయాలసిస్‌... తమ్ముడి సంగతేంటి?

విజయవాడ సూర్యారావుపేటలోని ఆసుపత్రుల దగ్గర చూడండి. గుడివాడ నుంచో, అవనిగడ్డ నుంచో డయాలసిస్‌కు వచ్చిన పెద్దాయన ఒక్కడే రాడు. ఫైలు పట్టుకుని తమ్ముడో చెల్లెలో వెంట ఉంటారు. ఆ వెంట వచ్చినవారికీ షుగర్‌ ఉందనుకోండి... వారి కిడ్నీల సంగతి ఎవరైనా అడుగుతున్నారా?

అడగాలి. షుగర్‌ ఉన్న అందరికీ కిడ్నీలు పాడవవు. ఆ ముప్పు 30 నుంచి 40 శాతం మందికే. పాతికేళ్లు షుగర్‌తో గడిపినా కిడ్నీలు చెక్కుచెదరనివాళ్లున్నారు. అదుపు తప్పిన షుగరు, బీపీ, సిగరెట్లు... ఇవన్నీ నిజమే. అయినా లెక్క పూర్తిగా తేలదు. మిగిలింది రక్తసంబంధంలో ఉంది.

1989లో అమెరికాలోని మిన్నెసోటా వైద్యులు టైప్‌-1 షుగర్‌ ఉన్న తోబుట్టువులను పరీక్షించారు. ఒకరికి కిడ్నీ జబ్బు ఉన్న ఇళ్లలో రెండోవారిలో 83 శాతం మందికి ఆ ఛాయలు కనిపించాయి. ఒకరి కిడ్నీలు బాగున్న ఇళ్లలో 17 శాతమే! అది చిన్న అధ్యయనమే. కానీ మరుసటి ఏడాది అరిజోనాలోని పీమా తెగలో, మన దగ్గర ఎక్కువగా కనిపించే టైప్‌-2లోనూ ఇదే ధోరణి బయటపడింది. తల్లిదండ్రుల మూత్రంలో ప్రొటీన్‌ పోతుంటే, షుగర్‌ వచ్చిన పిల్లలకూ ఆ ముప్పు పెరిగింది.

జన్యువు ఎప్పుడూ విలనే కాదు. కిడ్నీలో రక్తాన్ని వడగట్టే పలుచని పొర కొలాజెన్‌తో అల్లినది. ఆ కొలాజెన్‌ జన్యువుల్లో ఒకటైన సీవోఎల్‌4ఏ3లో ఒకే ఒక్క అక్షరం మారినవారికి షుగర్‌ వల్ల కిడ్నీ జబ్బు ముప్పు తక్కువని 2019లో తేలింది. చూసింది టైప్‌-1 ఉన్న, యూరప్‌ సంతతికి చెందిన సుమారు 19 వేల మందిని. కాబట్టి జన్యు పరీక్షకు డబ్బు పోయడం కంటే ఇంట్లో ఎవరెవరికి ఏముందో రాసిపెట్టుకోవడమే మేలు.

'మేనరికం వల్లేనండీ' అనేవాళ్లూ ఉన్నారు. ఒక్క జన్యువు లోపంతో వచ్చే కొన్ని జబ్బులకు ఆ మాట చెల్లుతుంది. ఇక్కడ చాలా జన్యువులు తలా ఓ చెయ్యి వేస్తాయి. ఎ.కొండూరు తండాల కిడ్నీ వ్యథను కూడా దీనితో కలపకూడదు. అక్కడ షుగర్‌ లేనివాళ్లూ మంచాన పడ్డారు.

ఇంకో చిక్కుంది. అన్నకు కిడ్నీ మార్చాల్సివస్తే అందరి చూపూ తోబుట్టువుల వైపే. తమ్ముడికీ షుగర్‌ ఉంటే ఆ దారి దాదాపు మూసుకుపోయినట్టే.

చెయ్యాల్సింది చిన్న పనే. మూత్రంలో అల్బుమిన్‌-క్రియాటినిన్‌ నిష్పత్తి, రక్తంలో క్రియాటినిన్‌. టైప్‌-2 అయితే షుగర్‌ బయటపడిన రోజు నుంచే, ఏటా ఒకసారి. రక్తంలో క్రియాటినిన్‌ బాగుందని ఊరుకోవద్దు, అది పెరిగేది ఆలస్యంగా. మూత్రంలో అల్బుమిన్‌ అంతకంటే ముందే పట్టిస్తుంది. ఆ నిష్పత్తి 30 దాటితే కంగారు పడక మళ్లీ చేయించాలి. మూడుసార్లలో రెండుసార్లు దాటితేనే లెక్క. అప్పుడు కిడ్నీని కాపాడే బీపీ మాత్రలు, కొత్తగా వచ్చిన షుగర్‌ మాత్రలు వైద్యులు మొదలుపెడతారు. జ్వరం ఉన్నరోజు ఈ పరీక్షకు వెళ్లకండి. పొద్దున్నే మొదటి మూత్రం ఇస్తే మంచిది.