గాలికి పోయే పెట్రోలు

2023 డిసెంబరు 5 మధ్యాహ్నం మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. గంటకు 90 నుంచి 100 కిలోమీటర్ల వేగంతో గాలి. విసురు వచ్చినప్పుడు 110 దాకా. కోతకొచ్చిన వరి చేలు అడ్డంగా పడిపోయాయి, చెట్లు కూలాయి. ఆ పూట గుమ్మం దాటడానికి జంకిన మనిషే ఇంకో రోజు కారు తీసి, గుంటూరు దాటాక 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కి, 100 స్పీడులో పాటలు వింటూ పోతాడు. కారు ముందు భాగానికి మాత్రం ఆ రోజూ ఈ రోజూ ఒకటే. గాలి వచ్చి ఆగి ఉన్న కారును కొట్టినా, కారే వెళ్లి కదలని గాలిని కొట్టినా దెబ్బలో తేడా ఉండదు. లోపల కూర్చున్నవాళ్లకు అద్దాలు ఎత్తి ఉంటాయి కాబట్టి తెలియదు. ఆ సంగతి తెలిసేది ఇంజనుకు, దాని తర్వాత పెట్రోలు బంకులో జేబుకు.

గాలికి బరువేమిటని అనిపిస్తుంది. మన ప్రాంతపు ఎండల్లో ఒక ఘనపు మీటరు గాలి 1.2 కిలోలకు కాస్త తక్కువ తూగుతుంది. మామూలు హ్యాచ్‌బ్యాక్ కారును ఎదురుగా నిలబడి చూస్తే కనిపించే మేర రెండు చదరపు మీటర్ల పైచిలుకు. 100 వేగంలో అది సెకనుకు దాదాపు 28 మీటర్లు ముందుకు పోతుంది. అంటే ప్రతి సెకనూ 60 కిలోలకు పైబడిన గాలి దాని దారికి అడ్డం ఉంటుంది. దాన్నంతా పక్కకు నెట్టి, పైకి ఎత్తి, కిందకు తోసి, వెనక మళ్లీ కలవనివ్వాలి. ఈ పనిలో గాలి కారును వెనక్కి లాగే బలాన్నే ఇంజినీర్లు డ్రాగ్ అంటారు.

లెక్క వేస్తే ఆ హ్యాచ్‌బ్యాక్‌కు 50 వేగంలో డ్రాగ్ ఎనిమిది కిలోల బరువుకు సమానం. 80లో 20 కిలోలు. 100లో 30 కిలోలు, అంటే 25 కిలోల బియ్యం బస్తాను మించిన బరువు కారును పట్టుకుని వెనక్కి గుంజుతున్నట్టు. 120కి చేరితే 44 కిలోలు. వేగం రెట్టింపైతే డ్రాగ్ నాలుగింతలవుతుంది. దాన్ని గెలవడానికి ఇంజను పెట్టాల్సిన శక్తి అయితే ఎనిమిదింతలు. 50లో గాలిని నెట్టడానికి ఒకటిన్నర హార్స్‌పవర్ కూడా అక్కర్లేదు. 100లో అదే పనికి 11 హార్స్‌పవర్ కావాలి.

ఇక రెండో లాగుడు టైర్లది. రోడ్డు మీద దొర్లుతూ రబ్బరు అణిగి, మళ్లీ లేచే ప్రతిసారీ కొంత శక్తి వేడిగా పోతుంది. 1,100 కిలోల కారుకు అది 13 కిలోల లాగుడుతో సమానం. వేగం పెరిగినా అది పెద్దగా పెరగదు. ఈ రెండూ 65 వేగం దగ్గర సమానమవుతాయి. అంతకు లోపల టైర్లదే పెత్తనం, అది దాటితే గాలిది. 100లో పోయే కారు రోడ్డు మీద పెట్టే శ్రమలో దాదాపు 70 శాతం గాలికే ఖర్చవుతుంది.

అందుకే తెనాలి నుంచి వేమూరు, భట్టిప్రోలు మీదుగా రేపల్లె పోయేవాడు కారు ఆకారం గురించి బెంగపడనక్కర్లేదు. ఆ రోడ్డులో గడ్డి ట్రాక్టర్లు, ఆటోలు, ఊరూరా స్పీడ్ బ్రేకర్లు. స్పీడోమీటరు ముల్లు 50 దగ్గర నిలవడమే కష్టం. అక్కడ పెట్రోలు తాగేది గాలి కాదు, బ్రేకు. తొక్కి వేగం పెంచడం, మరుక్షణం స్పీడ్ బ్రేకర్ ముందు ఆ వేగాన్నంతా బ్రేకుల్లో వేడి చేసి పారేయడం. ఆ దారిలో మైలేజీ కావాలంటే టైర్లలో గాలి సరిగ్గా పట్టించుకుని, ముందు బండిని దూరం నుంచే చూసి యాక్సిలరేటర్ మీంచి కాలు ముందుగా తీసేస్తే చాలు. అదే కారు, అదే డ్రైవరు చిలకలూరిపేట దాటి ఒంగోలు వైపు హైవే మీద పడితే లెక్క పూర్తిగా మారిపోతుంది.

కారు ముక్కు కోసుగా ఉంటే గాలిని చీల్చుకుపోతుందని చాలామంది నమ్మకం. ముక్కు ముఖ్యమే, కానీ అసలు గొడవ వెనక ఉంది. కోతల రోజుల్లో రోడ్డు మీద గడ్డి లోడు లారీ పోతుంటే దాని వెనక పరకలు ఎలా తిరుగుతాయో చూడాలి. అవి నేరుగా కింద రాలవు. సుడి తిరిగి లారీ వెంటే కొంత దూరం వస్తాయి, కొన్ని ముందుకు, లారీ వైపే లాగబడతాయి. బండి దూసుకుపోయినప్పుడు వెనక ఖాళీ ఏర్పడుతుంది. గాలి అంత గబుక్కున వచ్చి దాన్ని నింపలేదు. అక్కడ ఒత్తిడి తగ్గి, సుడులు పుడతాయి. ముందు ఒత్తిడి ఎక్కువ, వెనక తక్కువ. ఆ తేడానే బండిని వెనక్కి లాగుతుంది.

దీనికి రుజువు ప్రతి హ్యాచ్‌బ్యాక్ యజమాని ఇంట్లోనూ ఉంది. మట్టి రోడ్డు మీద నాలుగు ఊళ్లు తిరిగొచ్చాక బానెట్ మీద కంటే వెనక అద్దం మీద దుమ్ము మందంగా పేరుకుని ఉంటుంది. చక్రాలు లేపిన దుమ్మును వెనక సుడి లోపలికి లాగి, అద్దానికి అద్దుతుంది. హ్యాచ్‌బ్యాక్‌లకు, ఎస్‌యూవీలకు వెనక వైపర్ పెట్టేది అందుకే. పొడుగు డిక్కీ ఉన్న సెడాన్‌లకు సాధారణంగా ఆ అవసరం రాదు. వాటి వెనక అద్దం ఏటవాలుగా ఉంటుంది, సుడి డిక్కీ చివరకు జరిగిపోతుంది.

వంద ఏళ్ల కిందటే ఈ సంగతి కనిపెట్టినవాళ్లున్నారు. 1921లో బెర్లిన్ మోటారు ప్రదర్శనలో ఎడ్మండ్ రుంప్లర్ అనే ఆస్ట్రియా ఇంజినీరు నీటిబొట్టు ఆకారంలో ఒక కారు నిలబెట్టాడు. ముందు గుండ్రం, వెనక సన్నం. జనం నోరెళ్లబెట్టి చూశారు కానీ కొనలేదు. కొన్ని బెర్లిన్‌లో టాక్సీలుగా తిరిగాయి, కొన్నింటిని ‘మెట్రోపొలిస్’ సినిమా కోసం తగలబెట్టారు. 1979లో ఫోక్స్‌వాగన్ వాళ్లు మిగిలిన ఒక కారును తమ గాలి సొరంగంలో పెట్టి కొలిస్తే డ్రాగ్ గుణకం 0.28 వచ్చింది. ఆకారం గాలిలోంచి ఎంత సాఫీగా జారుతుందో చెప్పే సంఖ్య ఇది, ఎంత తక్కువైతే అంత మేలు. పాత బీటిల్ కారుది 0.48 దాకా ఉంటుంది. బెంజ్ ఈక్యూఎస్ దాన్ని 0.20కి దించింది. రుంప్లర్‌కు కంప్యూటరు లేదని గుర్తుంచుకుంటే ఆయన మీద గౌరవం పెరుగుతుంది.

గుండ్రంగా ఉన్నంత మాత్రాన గాలికి అనుకూలమని కాదు. ఒకప్పుడు పెళ్లిళ్లకూ తిరుపతి ప్రయాణాలకూ అందరూ ఎక్కిన అంబాసిడర్ ఒళ్లంతా వంపులే. కానీ నిలువుగా నిలబడ్డ ముందు అద్దం, పొడుచుకొచ్చిన హెడ్‌లైట్లు, బయటికి ఉబికిన బంపర్లు గాలిని అడుగడుగునా చెదరగొట్టేవి. అప్పట్లో రోడ్లే 60 దాటనిచ్చేవి కావు కనుక ఎవరూ పట్టించుకోలేదు. తేడా కళ్లతో చూడాలంటే తెనాలి స్టేషన్‌లో నిలబడితే సరి. 2023 సెప్టెంబరులో విజయవాడ–చెన్నై మధ్య మొదలైన వందే భారత్ అక్కడ ఆగుతుంది. దాని ఏటవాలు మూతినీ, పక్క లైనులో మామూలు ఎక్స్‌ప్రెస్‌ను లాక్కొచ్చిన ఇంజను నిలువు మొహాన్నీ పక్కపక్కన చూడొచ్చు.

డ్రాగ్‌కు గుణకం ఒక్కటే కాదు, కారు ఎంత వెడల్పూ ఎత్తూ ఉందన్నదీ లెక్కే. ఈ రెంటినీ హెచ్చవేస్తేనే అసలు సంగతి బయటపడుతుంది. ఎత్తయిన పెద్ద ఎస్‌యూవీ ఈ హెచ్చవేతలో రెండు వైపులా ఓడుతుంది. కుర్రకారుకు పెట్టెలాంటి థార్ మీదే మోజు. అందం ఎవరి ఇష్టం వాళ్లది, కానీ దాన్ని హైవే మీద 110లో నడిపి మైలేజీ రావడం లేదని షోరూమ్‌లో గొడవపడటం న్యాయం కాదు.

అసలు కంపెనీ చెప్పిన మైలేజీ చేతికి రాకపోవడానికీ కొంత కారణం ఇదే. ఆ అంకె రోడ్డు మీద పుట్టింది కాదు. కారును లాబొరేటరీలో రోలర్ల మీద ఎక్కించి, నిర్ణయించిన పద్ధతిలో వేగం పెంచుతూ తగ్గిస్తూ కొలుస్తారు. గది లోపల కారు కదలదు కాబట్టి గాలి అడ్డు ఉండదు. అందుకే ముందుగా ట్రాకు మీద కారును వేగంగా నడిపి, న్యూట్రల్‌లో వదిలేసి, ఎంతసేపట్లో నెమ్మదిస్తుందో చూస్తారు. దాన్నిబట్టి రోలర్లకు బిగువు పెడతారు. ఇంతవరకు పద్ధతి బాగానే ఉంది. కానీ మన దేశపు పరీక్షలో గరిష్ఠ వేగం 90. అదీ కాసేపే. 110లో తోలేవాడి ఖర్చు ఆ పరీక్షకు తెలియదు.

మరి 100 కిలోమీటర్ల హైవే దూరానికి ఎంత తేడా వస్తుంది? మధ్యరకం పెట్రోలు హ్యాచ్‌బ్యాక్, ఏసీ లేకుండా, ఒకే వేగంలో పోతే 80లో నాలుగు లీటర్ల లోపు, 100లో సుమారు ఐదు, 120లో ఆరు దాటుతుంది. టైము చూస్తే 80లో గంటంపావు, 100లో గంట, 120లో 50 నిమిషాలు. 100 నుంచి 120కి ఎక్కితే మిగిలేది పది నిమిషాలు, పోయేది లీటరు పైచిలుకు. లీటరు 110 రూపాయల చుట్టూ ఉన్న రోజుల్లో ఆ పది నిమిషాలను 110 రూపాయలకు పైగా పెట్టి కొన్నట్టే. అది కూడా మధ్యలో టోల్ గేటు దగ్గర క్యూలో పోకుండా ఉంటే.

ఇందులో బయట వీచే గాలి కూడా కలుస్తుంది. ఎండాకాలం పొద్దున పడమటి గాలి, సాయంత్రానికి సముద్రం మీంచి పైరగాలి ఈ ప్రాంతానికి అలవాటే. మధ్యాహ్నం దాటాక తెనాలి నుంచి రేపల్లె వైపు పోయేవారికి ఆ పైరగాలి చాలావరకు ఎదురొస్తుంది, తిరుగు ప్రయాణంలో వీపున తడుతుంది. ఎదురుగాలి 20 ఉండి, కారు 80లో పోతే డ్రాగ్ 100లో పోయినంత ఉంటుంది. ఒకే దారిలో పోయేటప్పుడొక మైలేజీ, వచ్చేటప్పుడొక మైలేజీ కనిపిస్తే బంకువాడిని అనుమానించే ముందు గాలి ఎటు వీస్తోందో చూసుకోవాలి. కృష్ణ మీద పెనుమూడి–పులిగడ్డ వంతెన ఎక్కినప్పుడు మరో తమాషా: ఆ ఖాళీలో పక్కగాలి తగిలి ఎత్తు బండ్ల స్టీరింగు చేతిలో జరుగుతుంది.

అన్నిటికంటే సులువుగా తగ్గించుకోగలిగిన నష్టం నెత్తిన ఉంది. పైన క్యారియర్, దాని మీద పెట్టె, పెట్టె మీద టార్పాలిన్. అమెరికా ప్రభుత్వ ఇంధన శాఖ లెక్క ప్రకారం టాపు మీద పెట్టే పెద్ద మొద్దు పెట్టె వల్ల మైలేజీ ఊళ్లో 2 నుంచి 8 శాతం తగ్గితే, వాళ్ల పెద్ద హైవేల వేగంలో 10 నుంచి 25 శాతం తగ్గుతుంది. అదే సామాను కారు వెనక తగిలిస్తే ఆ వేగంలోనూ నష్టం చాలా తక్కువ, ఎందుకంటే అది ఎలాగూ సుడి ఉన్న చోటే ఉంటుంది. మన దగ్గర సంక్రాంతికి ఊరొచ్చి, బియ్యం, మినుములు, పిండివంటల డబ్బాలు కట్టి హైదరాబాదు తీసుకెళ్లినవాళ్లు ఉగాది దాకా ఖాళీ క్యారియర్‌తోనే తిరుగుతారు. ఖాళీ కడ్డీలు కూడా గాలిని గీరుతూనే ఉంటాయి. 80 దాటాక వినిపించే ఊళ ఆ గీరుడే.

అద్దాలు దించాలా, ఏసీ వేయాలా అన్న తగువు ప్రతి కారులోనూ ఉంటుంది. తెనాలి బజారులో, రేపల్లె దారిలో అద్దాలు దించుకోవడమే పొదుపు. మండుటెండలో ఏసీ కంప్రెసర్ తినే శక్తి 50 వేగంలో గాలిని నెట్టే శక్తిని మించిపోవచ్చు. హైవే ఎక్కాక అద్దాలు ఎత్తేయాలి. తెరిచిన కిటికీల్లోంచి గాలి లోపల చిక్కుకుని డ్రాగ్ పెంచుతుంది. చెవులు దిబ్బడలు వేయడం వేరే.

లారీ వెనక దగ్గరగా పోతే గాలి దెబ్బ తగ్గి మైలేజీ వస్తుందని కొందరు డ్రైవర్లు చెబుతారు. భౌతికశాస్త్రం ప్రకారం అబద్ధం కాదు. కానీ ఆ లాభం దక్కేంత దగ్గరికి వెళ్తే, లారీ బ్రేకు వేసినప్పుడు ఆగడానికి చోటు ఉండదు. ఆ నాలుగు రూపాయల కోసం పడాల్సిన పాట్లు కావవి.

పెట్రోలు కారు నడిపేవారికి గాలి లెక్క నెలాఖరున తెలిస్తే, ఎలక్ట్రిక్ కారు నడిపేవారికి కళ్లముందే తెలుస్తుంది. లీటరు పెట్రోలులో దాదాపు 9 యూనిట్ల కరెంటుకు సమానమైన శక్తి ఉంటుంది. అంటే నెక్సాన్ ఈవీ 45 యూనిట్ల బ్యాటరీ అయిదు లీటర్ల పెట్రోలుతో సమానం. మోటారు దాన్ని పెద్దగా వృథా చేయదు కాబట్టి ఆ కొద్దితోనే వందల కిలోమీటర్లు పోతుంది. ఇంజను వేడిగా పారేసే వాటా లేదు కాబట్టి గాలి తినే వాటా మరింత స్పష్టంగా బయటపడుతుంది. తలుపుల్లో కలిసిపోయే హ్యాండిళ్లు, పూడ్చినట్టుండే చక్రాలు, టాటా కర్వ్‌లా వెనక్కి జారిన టాపు అందుకే. తెనాలి నుంచి అలాంటి కారులో తిరుపతి బయలుదేరినవాళ్లు ఒంగోలులోనే ఛార్జింగ్ పెట్టాలా, నెల్లూరు దాకా లాగించవచ్చా అన్నది చిలకలూరిపేట దాటాక 80లో పోయారా, 110లో పోయారా అన్నదాన్నిబట్టి తేలుతుంది.