శాంతి పరిరక్షణ విధుల్లో అలసట – కర్తవ్య ప్రేరణ: కైలాహున్ ముట్టడి ఆధారంగా ఒక పరిశీలన

కీలక పదాలు: శాంతి పరిరక్షణ, అలసట, మనోబలం, నాయకత్వం, విరాటపర్వం, నారాయణఖేడ్

1. ఉపోద్ఘాతం

యుద్ధంలో సైనికునికి శత్రువెవరో తెలుసు, గెలుపు అంటే ఏమిటో తెలుసు. ఐక్యరాజ్యసమితి శాంతి దళంలోని సైనికునికి ఈ రెండూ స్పష్టంగా ఉండవు. సంబంధిత పక్షాల సమ్మతి, నిష్పాక్షికత, ఆత్మరక్షణకూ అప్పగించిన బాధ్యతను కాపాడుకోవడానికీ తప్ప బలప్రయోగం చేయకపోవడం అనే మూడు సూత్రాలకు లోబడి అతడు నెలల తరబడి నిలబడవలసి ఉంటుంది. ఇలా అలసిన దళాన్ని కష్టసాధ్యమైన కార్యానికి ఎలా సన్నద్ధం చేయాలన్నది ఈ వ్యాసంలో పరిశీలించే అంశం.

ఇది మన ప్రాంతానికి దూరమైన విషయం కాదు. నారాయణఖేడ్ ఉన్న సంగారెడ్డి జిల్లాలోనే, ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారంలో బీఎంపీ-2 పదాతిదళ యుద్ధ వాహనాలు 'శరత్' పేరుతో తయారయ్యాయి. ఆ తరహా వాహనాలను భారత దళాలు ఆఫ్రికాలో శాంతి పరిరక్షణకు వినియోగించాయి. 2020 జూన్‌లో గల్వాన్‌లో వీరమరణం పొందిన సూర్యాపేట వాసి కర్నల్ సంతోష్‌బాబు అంతకుముందు కాంగోలో శాంతి దళంలో పనిచేశారు.

2. కైలాహున్: నిరీక్షణే పరీక్ష

సియెర్రా లియోన్‌లో అంతర్యుద్ధాన్ని ముగించేందుకు 1999 జులైలో లోమే ఒప్పందం కుదిరింది. దాని అమలుకు అదే ఏడాది అక్టోబరులో ఐక్యరాజ్యసమితి దళం ఏర్పడింది. 2000 మే నెలలో తిరుగుబాటుదారులు వందలాది శాంతి సైనికులను నిర్బంధించారు. కైలాహున్‌లో భారత సైన్యానికి చెందిన రెండు కంపెనీలు, 200కు పైగా సైనికులు, ముట్టడిలో చిక్కుకున్నారు. ఆయుధాలు అప్పగించడానికి వారు నిరాకరించారు. సుమారు 75 రోజులు పరిమిత ఆహారంతో, వానల మధ్య నిలిచారు. జులై 15, 16 తేదీల్లో మేజర్ జనరల్ వి.కె. జేట్లీ సారథ్యంలో జరిగిన 'ఆపరేషన్ ఖుక్రీ' ద్వారా ముట్టడిని ఛేదించుకొని దారూలోని తమ ప్రధాన దళాన్ని చేరుకున్నారు. ఈ పోరులో హవల్దార్ కృష్ణకుమార్ అమరుడయ్యాడు.

ఇక్కడ గమనించదగినది చివరి రెండు రోజుల సాహసం మాత్రమే కాదు. అన్ని వారాల నిరీక్షణ తరువాత కూడా ఆ దళం పోరాడుతూ బయటకు రాగలిగిన స్థితిలో ఉండడం అసలు విశేషం.

3. సైద్ధాంతిక వివేచన

మొదటి ప్రపంచయుద్ధంలో వైద్యునిగా పనిచేసిన లార్డ్ మోరాన్ 1945లో వెలువరించిన గ్రంథంలో ధైర్యాన్ని ఖర్చయ్యే నిల్వగా భావించాడు. ఈ దృష్టితో చూస్తే అలసిన సైనికుడు పిరికివాడు కాడు. అతని నిల్వ తరిగింది. విశ్రాంతి లేకుండా ప్రబోధం మాత్రమే చేసే నాయకుడు ఆ నిల్వను మరింత హరిస్తాడు.

బర్మా రంగంలో సైన్యాన్ని నడిపిన విలియం స్లిమ్ మనోబలానికి ఆధ్యాత్మిక, బౌద్ధిక, భౌతిక పునాదులను పేర్కొన్నాడు. ఇక్కడ ఆధ్యాత్మికమంటే ఆశయంపై విశ్వాసం. బౌద్ధికమంటే లక్ష్యం సాధ్యమేనన్న నమ్మకం. భౌతికమంటే ఆహారం, ఆయుధాలు, న్యాయమైన వ్యవహారం. జర్మన్ సైన్యంపై షిల్స్, జానోవిట్జ్‌లు 1948లో ప్రచురించిన అధ్యయనం సైనికుణ్ణి నిలబెట్టేది ప్రధానంగా తన చిన్న బృందంతో ఉన్న అనుబంధమేనని నిరూపించే ప్రయత్నం చేసింది.

కైలాహున్‌లో భౌతిక పునాది క్షీణించింది. మిగిలినవి బృందబంధం, తమవారు తమను విడిచిపెట్టరన్న నమ్మకం. ఒక పునాది కుంగినప్పుడు తక్కినవి కొంతకాలం భారం మోయగలవని దీనివల్ల తెలుస్తున్నది. అయితే అది కొంతకాలమే.

4. విరాటపర్వంలో ప్రేరణ

తిక్కన విరాటపర్వంలోని ఉత్తర గోగ్రహణ ఘట్టం ఈ సమస్యకు చక్కని ఉదాహరణ. కౌరవసేనను చూసి పారిపోతున్న ఉత్తరుణ్ణి బృహన్నల పట్టి నిలుపుతాడు, ఊరడిస్తాడు. అయితే అంతటితో ఆగడు. యుద్ధభారాన్ని తాను స్వీకరించి, ఉత్తరునికి సారథ్యం అప్పగిస్తాడు. అంటే చేయలేని పనిని చేయగల పనిగా మారుస్తాడు. నాయకుడు అత్యంత కఠినమైన భాగాన్ని తానే తీసుకోవడం, అనుచరునికి అతని శక్తికి తగిన పాత్రనివ్వడం ఇందులోని ప్రేరణ సూత్రాలు. ఉత్తరునిది అలసట కాదు, భయం. అయినప్పటికీ పరిష్కార మార్గం రెండింటికీ సమానమే.

5. స్థానిక అన్వయం

నారాయణఖేడ్ ప్రాంత తండాల నుంచి కుటుంబాలు చెరకు కోతకు వలస వెళ్తుంటాయి. ఆ శ్రమలో సైతం తోటివారి తోడే అలసటను ఓర్చుకొనే బలాన్నిస్తుంది. కాని అవసరం తరిమినప్పుడు కలిగే ఓర్పును ప్రేరణగా పొరబడకూడదు. ఎన్‌సీసీ విద్యార్థులకు నాయకత్వ పాఠాలు బోధించే అధ్యాపకులు ఈ భేదాన్ని స్పష్టం చేయవలసి ఉంది.

6. ముగింపు

అలసిన దళానికి ముందుగా కావలసింది నిద్ర, ఆహారం. ఆ తరువాత పని ఎందుకో చెప్పే నిజాయితీగల వివరణ, చిన్న భాగాలుగా విభజించిన లక్ష్యం, కష్టంలో పాలుపంచుకొనే నాయకుడు. ఈ క్రమం తారుమారైతే ప్రేరణ ఒత్తిడిగా మారుతుంది. కైలాహున్‌ను వీరగాథగా మాత్రమే బోధిస్తే సైనికుని సహనానికి అంతులేదన్న అపోహ మిగులుతుంది. మానవశక్తి పరిమితులను గుర్తించి బోధిస్తే ఆ సహనం విలువ మరింత స్పష్టమవుతుంది.