రిపోర్టులన్నీ నార్మలే, మరి పిల్లవాడికేమైంది?

రాత్రి స్టడీ అవర్. హాస్టల్లో ఇంటర్ చదివే కుర్రాడికి ఉన్నట్టుండి గుండె దడదడలాడుతుంది. ఊపిరి అందదు. అరచేతులు చెమటపట్టి, వేళ్ల కొసలు తిమ్మిరెక్కుతాయి. చచ్చిపోతున్నాననిపిస్తుంది. వార్డెన్ ఆటోలో నర్సింగ్ హోమ్‌కి చేర్చేసరికి దడ తగ్గిపోతుంది. ఈసీజీ తీస్తారు, థైరాయిడ్ పరీక్ష రాస్తారు. మర్నాడు నాన్న వస్తాడు. రిపోర్టులన్నీ నార్మల్. "ఏమీ లేదండీ, గ్యాస్ అయ్యుంటుంది" అంటారు. "ఏమీ లేదన్నారుగా నాన్నా, ఇక చదువు మీద ధ్యాస పెట్టు" అని చెప్పి నాన్న బస్సెక్కుతాడు.

ఈ కథలో చెడ్డవాళ్లెవరూ లేరు. కానీ కుర్రాడు సాయం అడిగాడు, దొరకలేదు. రెండోసారి దడ వచ్చినప్పుడు ఎవరికీ చెప్పడు.

అతనికి వచ్చింది బహుశా పానిక్ ఎటాక్. మెదడులో బాదంగింజంత ఉండే అమిగ్డలా ప్రమాదం ముంచుకొచ్చిందని పొరబడి గంట కొడుతుంది. అడ్రినలిన్ పొంగి గుండె పరుగెడుతుంది. ఊపిరి వేగం పెరిగి, శరీరానికి కావలసినదానికన్నా ఎక్కువగా కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది. దాంతో రక్తంలో క్షారగుణం పెరిగి నరాలు ఇట్టే ఉద్రేకపడతాయి. వేళ్ల తిమ్మిరి అందుకే. ఇదంతా సుమారు పది నిమిషాల్లో తారస్థాయికి చేరి, తర్వాత మెల్లగా దిగిపోతుంది. ఈసీజీ తీసే వేళకి పట్టుకోడానికి ఏమీ మిగలదు. అలాగని ఆ పరీక్షలు దండగ కాదు, థైరాయిడ్ ఎక్కువైనా ఇలాగే దడ వస్తుంది కాబట్టి ముందు అవి చేయాల్సిందే. పొరపాటంతా అక్కడితో ఆగిపోవడంలోనే ఉంది.

డిప్రెషన్ కూడా ఈ వయసులో తరచూ శరీరం భాషలోనే మాట్లాడుతుంది. తలనొప్పి, కడుపులో నొప్పి, నిద్ర పట్టకపోవడం, ఊరికే చిరాకు. పిల్లలు కావాలని దాచడం లేదు. కడుపునొప్పి అంటే ఇంట్లో అందరూ కంగారుపడతారు, దిగులుగా ఉందంటే "నీకేం తక్కువ చేశాం?" అంటారు. ఇక హైదరాబాద్ క్లాసురూముల్లో "నిన్ను ఎర్రగడ్డకు పంపాలిరా" అన్నది పాత వెక్కిరింత, అక్కడున్నది మానసిక వైద్యశాల కాబట్టి. పదేళ్లప్పుడు ఆ మాటకు నవ్విన పిల్లవాడు పదిహేడేళ్లకు అదే గుమ్మం ఎలా తొక్కుతాడు?

బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ సర్వేలో 13-17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి మానసిక సమస్యలు కనిపించాయి. పెద్దల్లోనైతే ఆందోళన, డిప్రెషన్ వంటి సాధారణ సమస్యలున్నవారిలో దాదాపు 85 శాతం మందికి చికిత్స అందడం లేదని అదే సర్వే తేల్చింది. 192 అధ్యయనాలను కలిపి 2022లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం మానసిక వ్యాధుల్లో దాదాపు సగం 18 ఏళ్లలోపే మొదలవుతాయి. అంటే మనం "వయసు ప్రభావం, అదే పోతుంది" అని కొట్టిపారేసే ఏళ్లలోనే.

ధైర్యం చేసి సైకియాట్రిస్టు దాకా వెళ్లినవాళ్లకు మరో గండం ఉంది. డిప్రెషన్‌కు సాధారణంగా ఇచ్చే మందుల గుణం తెలియడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. వికారం, తలనొప్పి మాత్రం మొదటి వారంలోనే వచ్చేస్తాయి. మేలు కనిపించకముందే ఇబ్బంది కనిపిస్తే ఎవరైనా మందు మానేస్తారు. ఈ సంగతి మొదటి రోజే చెప్పి పంపే డాక్టరు సగం వైద్యం చేసినట్టే. పాతికేళ్లలోపు వాళ్లను ఆ తొలి వారాల్లో ఇంట్లోవాళ్లు దగ్గరుండి గమనించాలి. మందును హఠాత్తుగా ఆపకూడదు.

విశాఖపట్నంలో ఒక నీట్ విద్యార్థిని మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో, వంద లేదా అంతకన్నా ఎక్కువమంది విద్యార్థులున్న విద్యాసంస్థల్లో అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలని ఆదేశించింది. మంచి ఆదేశం. కానీ కౌన్సెలర్ గది ప్రిన్సిపాల్ గది పక్కనే పెడితే అందులోకి ఎవరు అడుగుపెడతారు?

2022 అక్టోబరు 10న కేంద్రం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు 14416 నంబరులో ఉచితంగా, ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడవచ్చు. జబ్బు పేరు చెప్పనక్కర్లేదు, "నెల రోజులుగా నిద్ర పట్టడం లేదు" అంటే చాలు. కాకపోతే చాలా హాస్టళ్లలో ఫోన్ వార్డెన్ బల్ల మీదే ఉంటుంది, వెనక పదిమంది వరసలో ఉంటారు. ఆ ఒక్క మాట చెప్పడానికి కుర్రాడికి పది నిమిషాలు, తలుపు వేసుకోగలిగే ఒక గది కావాలి.