పాత పీత బొమ్మల్లో రంగు ఎవరిది?

నాట్లు పడే రోజుల్లో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో పొలం గట్టు తవ్వితే ఎండ్రకాయ బయటపడుతుంది. గట్టుకు బొరియ పెట్టి మడిలో నీళ్లు పోగొడుతుందని రైతుకు దాని మీద కోపం. కూర వండుకునేవాళ్లకు మాత్రం ఇష్టం. దక్కనులో ఇలా బొరియల్లో బతికే పీత ఒకదాన్ని విలియం సైక్స్ అనే సైనికాధికారి గమనించారు. 1836లో దానికి శాస్త్రీయ నామం వచ్చింది. ఇప్పుడు దాన్ని బారిటెల్ఫూసా క్యునిక్యులారిస్ అంటున్నారు.

అప్పటికింకా పుస్తకాల్లోకి ఫొటోలు రాలేదు. జీవుల బొమ్మలకు చాలాకాలం ఎన్‌గ్రేవింగే (రాగిరేకు మీద గీతలు చెక్కి అచ్చువేయడం) ఆధారం. చెక్కిన గీతల్లోకి సిరా దట్టించి, రేకు పైభాగం శుభ్రంగా తుడిచేస్తారు. తడిపిన కాగితం పరిచి, రెండు రోలర్ల మధ్య గట్టిగా నొక్కుతారు. గీతలోని సిరా కాగితానికి ఎక్కుతుంది. రేకు అంచు కూడా కాగితంలో పల్లంగా దిగబడుతుంది.

ఇంతవరకూ బొమ్మ నలుపే. ఆ తర్వాత ఒక్కో ప్రతికీ మనుషులు కుంచెతో నీటిరంగులు అద్దేవారు. ముందు పెట్టుకున్న నమూనా చూసి వేసేవారు. వాళ్లలో చాలామంది ఆ పీతను బతికుండగా చూసినవాళ్లు కారు. అందుకే ఒకే పుస్తకం రెండు ప్రతుల్లో ఒకే పీత రెండు ఛాయల్లో కనిపిస్తుంది.

పీతల బొమ్మల్లో పేరున్నది బెర్లిన్ పాస్టర్ యోహాన్ హెర్బ్‌స్ట్ పుస్తకం. 1782లో మొదలై 1804 దాకా భాగాలుగా వెలువడింది. వీపు మీద మూడు ఎర్రటి మచ్చలుండే సముద్రపు పీతకు 1783లో పేరు పెట్టింది ఆయనే. మన కోస్తా చేపల రేవుల్లోనూ ఆ పీత దొరుకుతుంది. అయితే దూరదేశాల పీతలు యూరప్ చేరేది ఎండిపోయో, సారాయిలో నానిపోయో.

రంగు చెడేది అక్కడే. పీత డొప్పలో అస్టాజాంథిన్ అనే ఎర్ర వర్ణద్రవ్యం ఉంటుంది. బతికున్నప్పుడు అది ప్రొటీన్లతో కలిసి ఉండి నీలంగానో, బూడిదగానో, ఆకుపచ్చగానో కనబడుతుంది. వేడి తగిలినా, సారాయిలో ఊరినా ఆ ప్రొటీన్ చెదిరిపోతుంది. దాచిన ఎరుపు బయటపడుతుంది. పొయ్యి మీద ఎండ్రకాయ ఎర్రబడేది ఇందుకే. పాత బొమ్మలో పీత మరీ ఎర్రగా ఉంటే, చిత్రకారుడు చచ్చిన పీతను చూసి వేశాడేమోనని అనుమానించాలి.

గీతలోనూ ఒక చిక్కుంది. అచ్చులో బొమ్మ తిరగబడుతుంది. చెక్కేవాడు ముందే తిప్పి గీయకపోతే కుడి పెద్దకొండి ఎడమకు మారిపోతుంది. డొప్ప ఆకారం, అంచున పళ్ల లెక్క, కాళ్ల కీళ్లు మాత్రం మారవు. నా మటుకు నేను వాటినే నమ్ముతాను.

జీవిని దాని ఊళ్లోనే చూసి చేసిన పనికి విలువ ఎక్కువ. విశాఖపట్నంలో ఉండి పాములను పరిశీలించిన పాట్రిక్ రసెల్, 1796లో లండన్‌లో వెలువడిన తన పుస్తకంలో రంగులద్దిన బొమ్మలతోపాటు తెలుగు పేర్లనూ నమోదు చేశారు. రక్తపింజరకు శాస్త్రలోకం ఆయన పేరే పెట్టింది.

ఇప్పుడు పాత పుస్తకాల నుంచి విడదీసిన ఇలాంటి బొమ్మలు ఫ్రేముల్లో అమ్మకానికి వస్తున్నాయి. కొనేముందు భూతద్దం పట్టండి. వరుస చుక్కలు కనబడితే అది ఈకాలపు ఆఫ్‌సెట్ అచ్చు. అసలుదైతే నల్ల గీత దాటి రంగు అక్కడక్కడ ఒలికి ఉంటుంది. చుట్టూ రేకు పల్లం చేతికి తగులుతుంది. అంచులు కత్తిరించిన ప్రతుల్లో ఆ పల్లం ఉండకపోవచ్చు. కొనక్కర్లేదు, చూస్తే చాలనుకునేవారికి బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ వెబ్‌సైట్‌లో పాత జీవశాస్త్ర గ్రంథాలెన్నో ఉచితంగా ఉన్నాయి.

పాలమూరు బడుల్లో సైన్సు చెప్పే టీచర్లకు ఒక మనవి. ఈ వానాకాలం పిల్లలచేత గట్టు మీది ఎండ్రకాయ బొమ్మ గీయించండి. అది బతికుండగానే, కళ్లెదుట ఉన్న రంగునే వేయించండి. పని అయ్యాక దాన్ని మళ్లీ గట్టు దగ్గరే వదిలేయండి.